పగిలిన గాజు ఎవరి లెక్క?



పోయిన వారం ఉప్పు పన్ను గురించి రాశాను గదా. అది చదివిన మా డిగ్రీ విద్యార్థి ఒకడు క్లాసు అయిపోయాక నా వెనకే స్టాఫ్ రూము దాకా వచ్చాడు. "మేడమ్, ఉప్పంటే సరే, అందరం తింటాం. టీవీలో రోజూ అమెరికా సుంకాలు, అమెరికా సుంకాలు అని ఊదరగొడుతున్నారు. మన వాడల్లో ఎగుమతులు చేసేవాళ్ళు ఎవరున్నారు? ఆ గొడవ మనకెందుకు?" అన్నాడు.

మంచి ప్రశ్న. అప్పటికప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చాక మా అవ్వ చెప్పిన గాజుల సంగతి గుర్తొచ్చింది. ఆ జవాబే ఈ వ్యాసం. కాస్త పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

1

మాది పాత చిత్తూరు జిల్లా. ఇప్పుడు తిరుపతి జిల్లా అంటున్నారు. మా అవ్వది ఏర్పేడు అవతల ఒక చిన్న పల్లె. ఊరికి దూరంగా అరుంధతివాడ. సంక్రాంతికి ముందు ఒకసారి, జాతరకు ముందు ఒకసారి గాజులాయన భుజాన మలారం వేసుకుని వచ్చేవాడంట. ఊళ్ళో అరుగుల మీద కూర్చుని, ఆడవాళ్ళ చెయ్యి తన చేతిలోకి తీసుకుని, బొటనవేలి కింద ఎముకను నెమ్మదిగా వత్తుతూ ఒక్కొక్క గాజే ఎక్కించేవాడు. అలా తొడిగేటప్పుడు గాజు పగిలితే నష్టం ఆయనదే. అది ఆ వృత్తిలో ఉన్న రివాజు.

వాడకు వచ్చేసరికి ఆ రివాజు మారిపోయేది.

"మన సెయ్యి పట్టుకోడు మే ఆయప్ప. యాపచెట్టు కింద గోనెపట్ట పరిస్తే దాని మీద గాజులు పోసి అంత దూరంలో కూసుంటాడు. మనమే ఏరుకోవాల, మనమే తొడుక్కోవాల. ఇరిగిపోతే అదిగూడా మన లెక్కే. డజనుకు రెండో మూడో ఇరిగేటియ్. చెనిక్కాయలు కొలిచిచ్చేది మాత్రం డజనుకు" అని అవ్వ చెప్పేది.

కలుపు తీసీ, కట్టెలు కొట్టీ గట్టిపడిన చేతులు అవి. వాటికి గాజు ఎక్కించాలంటే నేర్పు కావాలి. ఆ నేర్పున్న మనిషి నాలుగు గజాల దూరంలో కూర్చునేవాడు. పన్నెండు గాజులకు ధర కట్టి తొమ్మిదో పదో చేతికి వేసుకునేది మా అవ్వ.

అంటరానితనం గురించి పుస్తకాల్లో చాలా చదివాను. బావి, గుడి, గ్లాసు, చెప్పులు. అది వస్తువు ధరలో కలిసిపోయి వచ్చే పన్ను కూడా అని మాత్రం అవ్వ మాటతోనే తెలిసింది. ఆ రెండు మూడు గాజుల తేడాను ఏ సర్కారూ వేయలేదు, ఏ రశీదులోనూ అది రాయలేదు. అయినా వాడలో ప్రతి ఇల్లూ కట్టింది.

ఒక మాట చెప్పాలి. ఆ గాజులాయన మీద నాకు ద్వేషం లేదు. గాజుల బేరం భోజనానికి సరి అని మనవాళ్ళే సామెత చెప్పుకున్నారు. ఆయనదీ రెక్కాడితే గానీ డొక్కాడని బతుకే. కానీ తన నష్టాన్ని దించుకోవడానికి ఆయనకు కింద ఒక వాడ ఉంది. మా అవ్వకు దించుకోవడానికి కింద ఎవరూ లేరు. బాబాసాహెబ్ అంతరాల అసమానత అన్నది దీన్నే. దోపిడీ పైనుంచి కిందికి మెట్టు మెట్టుగా దిగుతుంది. ప్రతి మెట్టు మీదా ఉన్నవాడు తన వంతు బరువును కింది మెట్టుకు జార్చగలడు, ఆఖరి మెట్టు మీది మనిషి తప్ప.

ఇక నుంచి ఈ వ్యాసంలో ఎక్కడ సుంకం మాట వచ్చినా మీరు ఒకటే ప్రశ్న వేసుకోండి: పగిలిన గాజు ఎవరి లెక్కలో పడింది?

2

గాజు అంటే మన భాషలో చేతికి తొడుక్కునే నగ, అది తయారయ్యే పదార్థం కూడా. రెండింటికీ ఒకటే మాట. సుంకం కూడా మనకు కొత్త మాట కాదు. శాసనాల్లో కనిపిస్తుంది, సుంకర అని ఇంటిపేరుగానూ మిగిలింది.

బాపట్ల జిల్లాలో చినగంజాం దగ్గర మోటుపల్లి ఉంది. కాకతీయుల కాలంలో పెద్ద రేవు. 1244లో గణపతిదేవుడు అక్కడ ఒక శాసనం వేయించాడు. అభయశాసనం అంటారు. అంతకు ముందు తుఫానుకు ఓడ దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొస్తే అందులోని సరుకును రాజులు పట్టేసుకునేవాళ్ళు. గణపతిదేవుడు ఆ పద్ధతి తీసేశాడు. నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోబోమని మాట ఇచ్చాడు. ముప్పైలో ఒక వంతు సుంకం. చందనం, కర్పూరం, ముత్యాలు, పట్టు లాంటి సరుకులకు విడివిడిగా రేట్లు చెక్కించాడు.

మన పాఠ్యపుస్తకాల్లో దీన్ని కాకతీయుల దూరదృష్టికి గుర్తుగా చెబుతారు. నిజమే, దూరదృష్టే. నేను చూసేది ఇంకొకటి కూడా. పగిలిన ఓడ నష్టాన్ని వ్యాపారి లెక్కలోంచి తీసేయవచ్చని, అలా తీసేస్తే వ్యాపారం పెరుగుతుందని మన నేల మీద పాలకులకు 1244 నాటికే తెలుసు. నష్టం ఎవరు మోయాలన్నది దేవుడు రాసిన రాత కాదు, మనుషులు చేసుకునే ఏర్పాటు. రాయి మీద చెక్కి మరీ మార్చుకోగలిగిన ఏర్పాటు. ఓడ యజమానికి అభయం దొరికింది. ఆ ఓడలోకి మూటలు మోసినవాళ్ళకు ఏ అభయమిచ్చారో చెప్పే రాయి మాత్రం కనబడదు.

మా అవ్వ ఊరికి ఎంతో దూరం లేదు పాపానాయుడుపేట. శ్రీకాళహస్తి ప్రాంతంవాళ్ళకు తెలిసే ఉంటుంది, పూసల ఊరు. గాజుపూసల మీద జీవితాంతం పని చేసిన అమెరికన్ పరిశోధకుడు పీటర్ ఫ్రాన్సిస్ ఈ ఊరి పనిని గమనించి రాశాడు. కొలిమిలో మండుతున్న గాజు ముద్దను ఇనప గొట్టానికి పట్టిస్తారు. అవతలి వైపునుంచి పనివాడు కొక్కెంతో గాజును పట్టి లాగుతాడు. అది సన్నటి గొట్టంలా సాగుతూనే ఉంటుంది. గంటల తరబడి ఆ సెగ ముందు లాగుతూనే ఉండాలి. తర్వాత ఆ గొట్టాన్ని చిన్న చిన్న ముక్కలుగా నరికి, బూడిదతో కలిపి పెనం మీద వేడి చేస్తే అంచులు నునుపుదేరి పూసలవుతాయి.

పుదుచ్చేరి దగ్గర అరికమేడులో 2000 ఏళ్ళ కిందట పూసలు చేసిందీ ఈ పద్ధతిలోనే అని ఫ్రాన్సిస్ అభిప్రాయం. ఆ రకం చిన్న పూసలు ఆగ్నేయాసియా అంతటా దొరికాయి. తూర్పు ఆఫ్రికా తీరంలో దొరికాయి. దక్షిణ ఆఫ్రికాలోని మపుంగుబ్వే తవ్వకాల్లో దొరికాయి. అంటే గాజు నగల అంతర్జాతీయ వ్యాపారం నిన్నమొన్నటిది కాదు. మన తీరానికి అది పాత చుట్టమే. పూసలు సముద్రాలు దాటాయి. రేవులో సుంకం వసూలు చేసిన రాజుల పేర్లు మిగిలాయి. కొలిమి ముందు కూర్చున్నవాళ్ళ పేరు ఒక్కటి కూడా మిగల్లేదు.

3

ఇక్కణ్ణుంచి బ్రిటిష్ కాలానికి వద్దాం. ఇప్పుడు మనం మాట్లాడుకుంటున్న సుంకాల రాజకీయం అప్పుడే మొదలైంది.

1882లో వలస ప్రభుత్వం ఇండియాలో దిగుమతి సుంకాలను దాదాపుగా అన్నిటినీ ఎత్తేసింది. పేరు స్వేచ్ఛా వాణిజ్యం. ఖజానా ఖాళీ అయ్యేసరికి 1894లో మళ్ళీ 5 శాతం వేసింది. అది కూడా మన పరిశ్రమను కాపాడాలని కాదు, డబ్బు కోసం. లాంకషైర్ మిల్లులవాళ్ళు ఊరుకోలేదు. వాళ్ళ బట్ట మీద 3.5 శాతం దిగుమతి సుంకం ఉంటే, మన మిల్లుల బట్ట మీదా అంతే ఎక్సైజు వేయాలని 1896లో చట్టం చేయించారు.

గాజుల విషయంలో లాభపడింది ఇంగ్లండు కూడా కాదు, ఆస్ట్రియా-హంగరీ. ఇప్పటి చెక్ దేశంలో యబ్లొనెత్స్ అని ఒక పట్టణం ఉంది. గాజుపూసలకు, గాజులకు పేరు. ఇండియాలో ఆడవాళ్ళ చేతి కొలతలు తెలుసుకుని, ఇష్టమైన రంగులు తెలుసుకుని, అక్కడ గాజులు చేసి ఓడలకు ఎక్కించేవాళ్ళు. పట్టణంలో ఎగుమతిదార్లు ఉండేవాళ్ళు. చుట్టుపక్కల కొండపల్లెల్లో పేద కుటుంబాలు ఇళ్ళల్లోనే కూర్చుని ముక్కకింత అని పని చేసేవి. అంటే మన ఆడవాళ్ళు తొడుక్కున్న విదేశీ గాజు వెనకా ఇంట్లో కూర్చుని పని చేసే ఒక పేద కూలి చెయ్యి ఉంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరం వస్తుంది.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ఆస్ట్రియా శత్రుదేశమైంది. ఆ గాజులు ఆగిపోయాయి. ఆ ఖాళీలోకి ఒకవైపు జపాన్ సరుకు వచ్చింది, ఇంకోవైపు ఇప్పటి ఉత్తరప్రదేశ్‌లోని ఫిరోజాబాద్ కొలుములు పెరిగాయి. యుద్ధం అయిపోగానే చెకోస్లొవాకియా పేరుతో పాత సరుకు తిరిగి వచ్చింది. మన గాజు పరిశ్రమవాళ్ళు రక్షణ సుంకం కావాలని అడగడం మొదలుపెట్టారు.

1921-22 ఫిస్కల్ కమిషన్ ఒక సూత్రం పెట్టింది. ఏ పరిశ్రమకైనా రక్షణ ఇవ్వాలంటే మూడు షరతులు. దానికి సహజమైన అనుకూలతలు ఉండాలి. రక్షణ లేకుండా అది ఎదగలేని స్థితి ఉండాలి. కొన్నాళ్ళకు రక్షణ లేకుండా నిలబడగలగాలి. ఇందులో మొదటి షరతును విద్యార్థులు ఎకనామిక్స్ పరీక్షలకు బట్టీ పడతారు. ఒకసారి బట్టీ ఆపి చదవండి. సహజ అనుకూలతలు అంటే ఏమిటని కమిషన్ చెప్పింది? సమృద్ధిగా ముడిసరుకు, చవకగా ఇంధనశక్తి, చాలినంత మంది కూలీలు, లేదా పెద్ద దేశీయ మార్కెట్.

ఇసుక పక్కన, బొగ్గు పక్కన, కూలీలు. ప్రకృతి ఇచ్చిన అనుకూలతల్లో కూలి మనిషి ఒకటి.

ఈ దేశంలో కూలీలు చాలినంత మంది ఎందుకున్నారు? వర్షాలు పడి మొలిచారా? తరతరాలుగా భూమి దక్కనివ్వకుండా, చదువు దక్కనివ్వకుండా, వేరే వృత్తిలోకి వెళ్ళనివ్వకుండా కులం తయారు చేసిన కూలీలు వాళ్ళు. మనుషులు చేసిన అన్యాయం ప్రభుత్వ నివేదికలోకి వచ్చేసరికి సహజ అనుకూలత అయిపోయింది.

గాజు పరిశ్రమ కేసును విచారించిన టారిఫ్ బోర్డు 1932లో రక్షణ ఇవ్వమనే చెప్పింది. ప్రభుత్వం 1935లో కాదంది. కారణం సోడా యాష్. గాజుకు కావలసిన ముడిసరుకుల్లో అదొకటి, దాన్ని బయటనుంచి తెచ్చుకోవాలి, కాబట్టి సహజ అనుకూలత లేదు అన్నారు. ఇసుక ఉంది, సున్నం ఉంది, బొగ్గు ఉంది, మార్కెట్ ఉంది. ఒక్క ముడిసరుకు లేదని తోసేశారు. జాతీయవాద ఆర్థికవేత్తలు దీన్ని వలస పాలన అన్యాయానికి ఉదాహరణగా చెబుతారు. ఒప్పుకుంటాను. కానీ ఆ మూడేళ్ళ వాదంలో రెండు పక్షాలదీ సోడా యాష్ గొడవే. కొలిమి ముందు మనిషికి ఎంత ఇస్తున్నారు, ఎన్ని గంటలు చేయిస్తున్నారు అన్న షరతు ఆ మూడింటిలో లేదు. రక్షణ పరిశ్రమకు. పరిశ్రమ అంటే యజమాని.

4

యుద్ధం ఆస్ట్రియా గాజులను ఆపిన కాలంలోనే, 1915లో, తిరువాన్కూరు సంస్థానంలో పూసల మీద ఇంకో యుద్ధం జరిగింది. టారిఫ్ చరిత్రలు దీన్ని చెప్పవు. నా లెక్క ప్రకారం ఇది ఆ చరిత్రలో భాగమే.

అక్కడ పులయ స్త్రీలు మెడలో రాళ్ళూ పూసలూ గుచ్చిన మాలలే వేసుకోవాలి. కల్లుమాల అంటారు. బంగారం, వెండి వేసుకోకూడదు. రొమ్ముల మీద గుడ్డ కప్పుకోకూడదు. ఆ మాల అలంకారం కాదు, కులం చీటీ. దూరంనుంచి చూడగానే ఎవరో తెలియడానికి.

అయ్యంకాళి నాయకత్వంలో మనవాళ్ళు దాన్ని తెంచాలని నిశ్చయించారు. కొల్లం దగ్గర పెరినాడ్‌లో 1915 అక్టోబరులో పెత్తందారీ కులాలు దాడులు చేశాయి, గుడిసెలు తగలబడ్డాయి, జనం చెల్లాచెదురయ్యారు. అయినా ఆ డిసెంబరులో కొల్లంలో ఒక సర్కస్ డేరాలో సభ జరిగింది. అయ్యంకాళి పిలుపు మేరకు వేదిక ముందుకు వచ్చిన స్త్రీలు తమ మెడల్లోని మాలలు తెంచి కుప్ప పోశారు.

మా అవ్వకు గాజులు కావాలంటే ఎక్కువ కట్టాలి. పులయ స్త్రీకి పూసలు తప్ప ఇంకేదీ తొడుక్కునే వీల్లేదు. సుంకాల భాషలో మొదటిది అదనపు సుంకం, రెండోది నిషేధం. దేశం సరిహద్దులో కస్టమ్స్ ఆఫీసు చేసే పనిని ఊరి సరిహద్దులో కులం చేసింది. రేవులో గేటు ఒకటైతే వాడ మొదట్లో గేటు ఇంకొకటి. ఆర్థిక చరిత్ర రాసేవాళ్ళు మొదటి గేటు దగ్గరే ఆగిపోతున్నారు.

5

స్వాతంత్ర్యం వచ్చింది. దిగుమతి లైసెన్సులు, ఎత్తైన సుంకాల గోడలు వచ్చాయి. ఫిరోజాబాద్ దేశానికంతటికీ గాజుల ఊరైంది. మన హైదరాబాదులోనూ, తిరుపతిలోనూ, బెజవాడలోనూ అమ్మే గాజుల్లో చాలా భాగం అక్కడివే. వలస ప్రభుత్వం ఇవ్వనన్న రక్షణ స్వతంత్ర భారతం ఇచ్చింది. మరి కార్మికుడికి?

గాజు తయారీ రెండు భాగాలు. మొదటిది ఫ్యాక్టరీలో. కరిగిన గాజును తిరిగే కడ్డీ మీద స్ప్రింగులా చుట్టి, నిలువునా కోస్తారు. అప్పుడు అవి రెండు కొసలూ కలవని వంకర చుట్టలు. ఆ చుట్టలను కట్టలు కట్టి బస్తీల్లోని ఇళ్ళకు పంపిస్తారు. ఇళ్ళల్లో ఆడవాళ్ళు, పిల్లలు మంట మీద పెట్టి వంకర తీస్తారు. దాన్ని సిధాయీ అంటారు. రెండు కొసలనూ దీపం మంటలో కరిగించి అతుకుతారు. దాన్ని జుడాయీ అంటారు. గాలి వీస్తే మంట కదులుతుందని తలుపులు మూసుకుని ఆ పొగలో, ఆ వేడిలో కూర్చుంటారు. అక్కడ ఈ పని చేసేవాళ్ళు పేద ముస్లింలు, దళితులు, వెనకబడిన కులాలవాళ్ళు. కూలి కట్టల లెక్కన. పూర్తయిన గాజుకే కూలి. చెయ్యి కాలితే మందు వాళ్ళదే. ఇంటి అద్దె వాళ్ళదే. మంటలో పగిలిన గాజు మీద పెట్టిన శ్రమా వాళ్ళ లెక్కే.

ఈ పని ఇళ్ళకు ఎందుకు వెళ్ళింది? చోటు చాలక మాత్రమే కాదు. 1942 నుంచి 1946 దాకా బాబాసాహెబ్ వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబర్. ఆ కాలంలోనే ఫ్యాక్టరీ పని వారానికి 54 గంటలనుంచి 48 గంటలకు దిగింది. 1948 ఫ్యాక్టరీల చట్టం కరెంటుతో నడిచే చోట 10 మంది, కరెంటు లేని చోట 20 మంది ఉంటేనే వర్తించేది. 2020లో తెచ్చిన కొత్త కోడ్ ఆ అంకెలను 20, 40 చేసింది. ఒక గదిలో తల్లీ, ఇద్దరు పిల్లలూ దీపం ముందు కూర్చుంటే అది ఫ్యాక్టరీ కాదు, వాళ్ళు కార్మికులు కారు. పని గడప దాటి ఇంట్లోకి వెళ్ళిన క్షణం చట్టం బయటే ఆగిపోతుంది. మా అవ్వ వాడ మొదట్లో గాజులాయన ఆగిపోయినట్టే.

1996 డిసెంబరు 30న తాజ్‌మహల్ కాలుష్యం కేసులో సుప్రీంకోర్టు ఆ ప్రాంతంలోని పరిశ్రమలు బొగ్గు మాని గ్యాస్‌కు మారాలని చెప్పింది. ఫిరోజాబాద్ కొలుములూ మారాయి. తాజ్‌మహల్ పాలరాయి పొగకు పసుపుబారుతోందని దేశం బాధపడింది. బాధపడాలి కూడా. ఆ జుడాయీ గదుల్లోని ఊపిరితిత్తుల రంగు గురించి మాత్రం అంత బాధ కనబడలేదు.

6

ఇప్పుడు మా విద్యార్థి అడిగిన అమెరికా దగ్గరకు వద్దాం.

ఫిరోజాబాద్ గాజులతోనే ఆగలేదు. షాండ్లియర్లు, పూలకూజాలు, కొవ్వొత్తి గ్లాసులు, క్రిస్మస్ చెట్టుకు వేలాడదీసే గాజు బుడగలు చేస్తుంది. చేత్తో ఊది చేసే అలంకరణ సామాను. అందులో చాలా భాగం అమెరికాకు, యూరప్‌కు వెళుతుంది. ప్రపంచమంతా వాడే కస్టమ్స్ కోడుల్లో అలంకరణ గాజు సామానుది 7013, పూసలది 7018. మన దేశపు పట్టికలో గాజులు 7018 కిందే వస్తాయి. మనిషి చేతికి నంబరు లేదు, సరుకుకే ఉంది.

అమెరికా టారిఫ్ పట్టికలో 7013 కింద ఎన్నో ఏళ్ళుగా ఉన్న మామూలు రేట్లు చూడండి. సాధారణ గాజు సామానులో, ఒక్కొక్కటి 30 సెంట్లకు మించని దానికి 38 శాతం సుంకం. 30 సెంట్లు దాటి 3 డాలర్ల లోపు దానికి 30 శాతం. 5 డాలర్లు దాటిన దానికి 7.2 శాతం. మళ్ళీ చదవండి. చవక గ్లాసుకు 38, ఖరీదైన కూజాకు 7.2. పాతిక సెంట్ల కొవ్వొత్తి గ్లాసు మీద తొమ్మిదిన్నర సెంట్ల సుంకం. 10 డాలర్ల కూజా మీద 72 సెంట్లు. పేద దేశం కూలి చేసి, అమెరికాలో పేద ఇల్లాలు కొనుక్కునే వస్తువు మీదే బరువు ఎక్కువ. ఇది ట్రంప్ తెచ్చింది కాదు. చాలా పాతది. మర్యాదస్తుల కాలంలోనూ ఉంది.

దాని మీద 2019 జూన్ 5న ఇండియాకు అప్పటిదాకా అనేక సరుకుల మీద ఉన్న జీఎస్పీ రాయితీని అమెరికా తీసేసింది. 2025 ఆగస్టు 7నుంచి మన సరుకుల మీద 25 శాతం అదనపు సుంకం వేసింది. రష్యా చమురు కొంటున్నామని ఆగస్టు 27నుంచి దాన్ని 50 చేసింది. తర్వాత దాని మీద బేరాలు, కోర్టు వివాదాలు నడిచాయి. ఈ అంకెలు మారుతూ ఉంటాయి. అవి దిగే దారి మాత్రం మారదు. అమెరికా రేవులో సుంకం కట్టేది అక్కడి దిగుమతిదారు. ఆయన మన ఎగుమతిదారును ధర తగ్గించమంటాడు. ఎగుమతిదారు కాంట్రాక్టరును తగ్గించమంటాడు. కాంట్రాక్టరు కట్ట కూలి తగ్గిస్తాడు, లేదా వచ్చే నెల కట్టలే పంపడు. ఎగుమతిదారు టీవీలోకి వచ్చి గోడు చెప్పుకుంటాడు, ప్యాకేజీ అడుగుతాడు. జుడాయీ చేసే ఆమెకు ఏ టీవీ లేదు. రష్యా చమురుకూ ఆమె దీపంలో నూనెకూ ఉన్న సంబంధం ఆమెకు ఎవరూ చెప్పరు.

ఇంకొక సంగతి. అమెరికా కార్మిక శాఖ 2009నుంచి బాలకార్మికులతో చేయించే సరుకుల జాబితా ప్రకటిస్తోంది. అందులో ఇండియా గాజులు ఉన్నాయి. దీని మీద మనవాళ్ళలోనే రెండు వాదాలు. ఇది పేద దేశాల సరుకును అడ్డుకునే దొంగ ఎత్తు అని ఒకరు. పిల్లలు మంట ముందు కూర్చోవడం నిజం కదా, ఎవరు చెబితే ఏం అని ఇంకొకరు. నాకు రెండో మాటే దగ్గర. మన పిల్లల కాలిన వేళ్ళను దేశభక్తి పేరుతో దాచిపెట్టడం నాకు చేతకాదు. కానీ తల్లి కట్ట కూలి పెంచకుండా పిల్లవాణ్ణి మాత్రం దీపం ముందునుంచి లేపితే ఆ ఇంటి కడుపు నిండదు. వాడు ఇంకో చీకటి గదిలోకి వెళతాడు. నిషేధం మంచిదే. ఆ నిషేధం ఖర్చునూ ఆ తల్లి లెక్కలోనే వేయడం నాకు అభ్యంతరం.

7

కాబట్టి మా విద్యార్థికి నా జవాబు ఇది. సుంకం పెంచాలా, తగ్గించాలా అన్న వాదంలో మనల్ని ఏదో ఒక జట్టులో నిలబెట్టాలని చూస్తారు. స్వదేశీ అంటే కొందరు చప్పట్లు కొట్టమంటారు. స్వేచ్ఛా వాణిజ్యం అంటే ఇంకొందరు. 1882లో సుంకం ఎత్తేసినప్పుడు మన కూలి బాగుపడలేదు. స్వతంత్ర భారతం గోడ కట్టినప్పుడు గాజుల పరిశ్రమ బాగుపడింది, జుడాయీ గది బాగుపడలేదు. సుంకం పెరిగినా తగ్గినా నష్టాన్ని కిందికి దించే మెట్లు అలాగే ఉన్నాయి. యబ్లొనెత్స్ కొండపల్లెల్లోనూ కులం లేదు గానీ ఇంటి కూలి మెట్టు ఉంది. మన దగ్గర ఆ మెట్టును కులం సిమెంటు చేసి గట్టిపరిచింది. అది తేడా.

అలాగని సుంకాలు మనకు అక్కర్లేదనీ కాదు. మనం మూడు అడగాలి.

ఒకటి, ఇంట్లో పని చేసే మనిషిని కార్మికుడిగా లెక్క రాయాలి. ఇళ్ళ నుంచి పని చేసేవాళ్ళ కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒప్పందం తెచ్చింది. ఇండియా ఇంతవరకూ దాన్ని ఆమోదించలేదు. ఎందుకని అడగాలి.

రెండు, సుంకాల దెబ్బ పేరుతో ఎగుమతిదార్లకు ప్రజల డబ్బుతో సాయం చేసినప్పుడల్లా, కట్ట కూలి తగ్గించకూడదన్న షరతు అందులో రాసి ఉండాలి.

మూడు, పిల్లల్ని పనినుంచి తప్పించిన చోట బడి ఖర్చూ తల్లి కూలీ రెండూ ఆ సరుకు ధరలోనే కలవాలి. కొనేవాడు కట్టాలి, కాంట్రాక్టరు కట్టాలి, సర్కారు కట్టాలి. ఆమె కట్టకూడదు.

చివరగా అవ్వ దగ్గరకే వస్తాను. నా పెళ్ళికి ముందు తిరుపతిలో ఒక గాజుల అంగడికి వెళ్ళాం. అవ్వకు అప్పటికి చూపు మందగించింది. అంగడాయన నా చెయ్యి పట్టుకుని గాజులు ఎక్కిస్తుంటే ఆమె నా మొహం చూడటం లేదు, ఆయన వేళ్ళనే చూస్తోంది. నాలుగో గాజు పుటుక్కున పగిలింది. ఆయన ఆ ముక్కల్ని పక్కన డబ్బాలో వేసి ఇంకొకటి తీశాడు. అవ్వ కొంగుముడి విప్పుతూ "దానికెంత నాయనా?" అంది.

"తొడిగేటప్పుడు పగిలితే మాదే అవ్వా, మీ లెక్క కాదు" అన్నాడాయన, తల ఎత్తకుండానే.

అవ్వ కొంగు మళ్ళీ ముడేసుకుంది. బస్సులో మాట్లాడలేదు. ఏర్పేడు దగ్గర దిగేటప్పుడు మాత్రం "అది మన లెక్క కాదంటనే" అంది, తనలో తానే అనుకుంటున్నట్టు.

మీ వాడలో గాజులు ఎలా కొనేవాళ్ళో మీ అవ్వల్ని, అమ్మమ్మల్ని, నాయనమ్మల్ని అడగండి. చెయ్యి పట్టుకునేవాళ్ళా, దూరంనుంచి పోసేవాళ్ళా, పగిలితే ఎవరి లెక్క? వాళ్ళు చెప్పింది చెప్పినట్టు, వాళ్ళ మాటల్లోనే రాసి నాకు పంపండి. మోటుపల్లి రాయి మీద లేని చరిత్ర మన దగ్గరే ఉంది. వాళ్ళుండగానే రాసుకుందాం.

జై భీమ్.